ఫోనమ్మ అడిగిన పేరు

ఫోనమ్మను తయారుచేసింది లక్ష్మీదుర్గ. ఆ సంగతి చౌడంపల్లెలో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. కాశన్న కూతురు కర్నూలులో మాట్లాడే మిషన్ ఒకటి చేసిందంట, దానికి ఫోన్ చేసి నూలు ఎప్పుడొస్తుందని తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెబుతుందంట అని మొదట్లో వింతగా చెప్పుకున్నారు. తర్వాత అలవాటైపోయి, జవాబు కాస్త ఆలస్యమైతే తిట్టడం కూడా మొదలుపెట్టారు. పేరు పెట్టిందీ వాళ్ళే. కంపెనీ పెట్టిన పేరు వేరే ఉంది, మూడు ముక్కల ఇంగ్లీషు పేరు, అది ఎవరి నోటికీ ఎక్కలేదు. ఆడగొంతుతో మాట్లాడుతుంది కాబట్టి ఫోనమ్మ అయిపోయింది.

చౌడంపల్లె మగ్గాల ఊరు. సొసైటీ నూలూ జరీ ఇస్తుంది, ఇళ్ళలో నేస్తారు, చీర తయారయ్యాక మడతపెట్టి తీసుకెళ్ళి సొసైటీలో ఇస్తారు. పని ఇంతే అయినా దాంట్లో పుట్టే సందేహాలు ఇన్నీ అన్నీ కావు. జరీ వచ్చిందా, ఎర్ర నూలు ఎవరికిచ్చారు, మా చీర ఏ ఊరి అంగడికి పోయింది, పక్కింటివాళ్ళకు బుటా పని ఇచ్చి మాకెందుకివ్వలేదు. ఈ ప్రశ్నలన్నీ సొసైటీ ప్రెసిడెంటు గోపన్న మీద పడేవి. ఆయన అన్నం తింటున్నా ఫోనే, స్నానం చేస్తున్నా ఫోనే. చివరికి విసిగిపోయి, కర్నూలు కొత్త బస్టాండు దగ్గర మేడమీద చిన్న కంపెనీ నడుపుతున్న భూపేష్‌ను పట్టుకుని, నా బదులు ఒక మిషన్‌ను కూర్చోబెట్టు అన్నాడు. భూపేష్‌ది రాయచోటి. ఏ పని చెప్పినా ‘అయిపోతాదిలే’ అనడం ఆయన గుణం, ఆ అయిపోయే పని చేయాల్సింది దుర్గ.

లోపల ఏముందో దుర్గ వాళ్ళమ్మ అంజనమ్మకు ఒకసారి చెప్పింది, మనమూ అలాగే తెలుసుకోవడం సుఖం. ఊళ్ళోని ప్రతి మనిషీ ఒక ముడి. ప్రతి మగ్గం, ప్రతి చీర, ప్రతి జరీ కట్ట ఒక ముడి. ముడికీ ముడికీ మధ్య దారాలు, ఒక్కో దారానికి ఒక్కో పేరు: ఈమె ఈయన భార్య, ఈ చీర ఈ అంచుది, ఈ నూలు ఈ ఇంటికి పోయింది. ఈ వలనే గ్రాఫ్ అంటారు. ఎవరైనా ప్రశ్న అడిగితే మిషన్ ముందు ఏ ముడి పట్టుకోవాలో చూసుకోవాలి, తర్వాత ఏ దారం లాగాలో చూసుకోవాలి. ఆ చూసుకోవడం ఒక్కొక్కటీ చెప్పి నేర్పేది కాదు. వేలకొద్దీ ప్రశ్నలూ జవాబులూ ముందు పోస్తే, వాటిని నలిపి నలిపి అదే నేర్చుకుంటుంది. దాన్ని డీప్ లెర్నింగ్ అంటారని దుర్గ చెప్పింది. అంజనమ్మ కండెకు నూలు చుట్టుకుంటూ అంతా విని, ఎవరికి ఎవరేమవుతారో చెప్పే ముసలమ్మ ప్రతి ఊర్లో ఒకతి ఉంటుంది కదా, అట్లాంటిదేనా అని అడిగింది. దుర్గ నవ్వి, అంతే అనేసింది.

మొదటి నెల మగవాళ్ళ ప్రశ్నలకు ఫోనమ్మ టకటకా జవాబులు చెప్పింది. ఆడవాళ్ళు మాత్రం ఫోన్ చేయడం, మధ్యలోనే పెట్టేయడం. ఎందుకా అని దుర్గ ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఆ మాటలన్నీ వింది. ‘మా పిల్లోల్ల నాయనకు నూలు ఎప్పుడిస్తారు’ అని ఒకామె అడుగుతుంది. ‘దయచేసి ఆయన పేరు చెప్పండి’ అంటుంది ఫోనమ్మ, ఎంతో మర్యాదగా. అవతల గాజుల చప్పుడు. తర్వాత చిన్న నవ్వు. తర్వాత ఫోన్ కట్. ఇంకొకామె ఇంకాస్త ఓపిక గలది, ‘కొండ మీద సామి ఉండాడు గదా, ఆ పేరే’ అని సాయం చేయబోయింది. ఏ కొండ అని అడిగింది ఫోనమ్మ.

దుర్గకు నవ్వాగలేదు, నవ్వయిపోయాక తన మీద తనకే మంట పుట్టింది. ఆ ఊళ్ళో ఆ వయసు ఆడది మొగుడి పేరు నోటితో అంటుందా? వాళ్ళమ్మే అనదు. బ్యాంకులో అడిగితే వరుసలో వెనకున్న మనిషి వైపు తిరిగి, కాస్త చెప్పు అంటుంది. అంతా తెలిసీ, మిషన్‌కు నేర్పడానికి పోసిన ప్రశ్నలన్నీ ఆఫీసులో కూర్చున్న మగపిల్లలు రాసినవే. ఒక్కదాంట్లోనూ ఆడవాళ్ళు మొగుణ్ణి అనే ‘ఆయప్ప’ లేడు. భూపేష్ ఏమో, ఊళ్ళో పెద్ద బోర్డు పెట్టి పేర్లు చెప్పమని రాద్దాం అన్నాడు. మీ అమ్మ చేత ముందు చెప్పించండి సార్, తర్వాత బోర్డు రాయిద్దాం అంది దుర్గ. భూపేష్ బోర్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

సరే, పేరు అడగకుండానే ఫోన్ నంబరును బట్టి మనిషిని పట్టుకునేలా మార్చింది. మార్చి బాగానే ఉందనుకుంది. ఆ వారంలోనే ఒక శుక్రవారం పొద్దున్నే అంజనమ్మ మొదటి బస్సెక్కి కర్నూలు వచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి, ఆఫీసు మధ్యలో నిలబడింది. భూపేష్ కుర్చీ వేయబోతే వద్దంది.

“నాకు మొగుడు లేడంటాది నీ ఫోనమ్మ. ఆయప్ప ఇంట్లో కూచోని రాగి సంగటి తింటాండాడు. శుక్రవారం పూట ఏం మాటలే అవి?”

జరిగిందేమిటంటే, ఆ ఇంట్లో ఫోను కాశన్న పేరు మీద ఉంది. ఏ ఇంట్లో అయినా అంతే. అంజనమ్మ ఆ ఫోనుతో ‘మా ఆయప్ప ఇచ్చొచ్చిన చీర యాడికి పోయింది’ అని అడిగింది. ఫోనమ్మ కాశన్న ముడి పట్టుకుని, అక్కడి నుంచి భర్త అనే దారం కోసం వెతికి, దొరక్క, ‘కాశన్న గారూ, మీకు భర్త ఉన్నట్టు నా దగ్గర సమాచారం లేదు’ అని చెప్పింది. భూపేష్ కిటికీ వైపు తిరిగి దగ్గినట్టు నటించాడు. దుర్గ వాళ్ళమ్మకు మజ్జిగిచ్చి శాంతపరిచి, ఆ పూటే కూర్చుని కొత్త పాఠం చెప్పింది. మగవాడి నంబరు నుంచి ‘మా ఆయప్ప’ అనే మాట వస్తే, మాట్లాడేది ఆయన కాదు, ఆయన భార్య. ముందు ఒక దారం లాగి భార్య దగ్గరికి పోవాలి, అక్కడ నిలబడి మళ్ళీ వెనక్కి చూడాలి. ఈసారి నేర్పడానికి పోసిన ప్రశ్నలు ఊరి ఆడవాళ్ళ గొంతులతోనే పోసింది. మేనరికాలు చేసుకున్న ఇళ్ళలో ‘మా బావ’ అంటే ఎవరో తేల్చడానికి ఇంకో వారం పట్టింది. అది తేలాక ఇక చూడాలి, ఆడవాళ్ళ ఫోన్లతో ఫోనమ్మకు ఊపిరి తిరగలేదు.

ఇంత పేరు వచ్చింది కాబట్టే తర్వాతి తగువు దాని నెత్తిన పడింది.

సొసైటీ పక్కన ఆడపిల్లలకు నేత నేర్పే షెడ్డు కట్టారు. కొత్త మగ్గాలు వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి, ఇక టీచరు రావాలి. ఒక్కటే ఉద్యోగం, నెలనెలా జీతం. ఊరంతా నాకు నాకు అంది. ఇదివరకు ఏదో చిన్న కమిటీకి మనిషిని ఎంచబోతేనే చెప్పులు గాల్లోకి లేచాయి. ఆ భయంతో గోపన్న పెద్ద ఉపాయం ఒకటి ఆలోచించి చాటింపు వేయించాడు. కోటకొమ్మ అంచు చీర, అంటే అంచు పొడవునా గోపురాల వరుస లేచే చీర, అందరికంటే ఎక్కువ ఎవరు నేశారో వాళ్ళే టీచరు. ఎవరు నేశారో ఫోనమ్మ చెబుతుంది, అందరి ముందర చెబుతుంది. దానికి కులం లేదు, పార్టీ లేదు, మేనమామ లేడు.

ఆ ఆదివారం దుర్గ ఇంటికొచ్చేసరికి అంజనమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. కాశన్న పెరటి అరుగు మీద పేపరు చదువుతున్నాడు. పేపరు ఊగుతోంది. ఆయన చేతులు వణకడం మొదలై చాలా కాలమైంది, కర్నూలు డాక్టరు మాత్రలు ఇచ్చాడు, అవి వణుకును కాస్త తగ్గించాయే గానీ మగ్గం మీద పోగు నడిపే నాడె పట్టనివ్వలేదు. అడిగితే ఫ్యాను గాలికి పేపరు ఊగుతోందంటాడు. అరుగు మీద ఫ్యాను లేదు. అయినా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని చీరలు సొసైటీకి తీసుకుపోవడం మాత్రం ఆయనే. అక్కడ అందరూ కాశన్న మాస్టరు అంటారు, చీర విప్పి చూసి, ఆ చెయ్యే వేరప్పా అంటారు. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వింటాడు.

అంజనమ్మ నాడె ఆపి కూతుర్ని దగ్గరికి పిలిచింది. ఆ పని నాకు కావల్ల పాపా అంది. ఆ మనిషి నోట ‘నాకు కావాలి’ అనే మాట దుర్గ ఎప్పుడూ వినలేదు.

“ఇన్నేండ్లు గుంటలో కాళ్ళు పెట్టుకోని కూచున్నా. మోకాళ్ళు పూర్తిగా పోకముందే నిలబడి నలుగురికి నేర్పల్లనుండాది. ఇచ్చొచ్చేది ఆయప్ప, నేసేది నేను. ఫోనమ్మకు తెల్వదా ఏంది?”

తెలుసులేమ్మా, దానికి తెలియంది ఏముంది అని దుర్గ భరోసా ఇచ్చేసింది. ఊళ్ళో ఎవరి లెక్క చూసినా వాళ్ళమ్మను మించి కోటకొమ్మ నేసినవాళ్ళు లేరు, అది చిన్నప్పటి నుంచి చూస్తున్న సంగతే. ఆ పూట తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఉల్లిగడ్డ కారం దోసెలు తిని, టీచరయ్యాక ఏ చీర కట్టుకోవాలో కూడా మాట్లాడుకున్నారు.

కర్నూలు వెళ్ళాక, సభకు ముందు ఒకసారి సరిచూద్దామని ఫోనమ్మను అడిగింది. కోటకొమ్మ అంచు చీరలు అందరికంటే ఎక్కువ నేసింది ఎవరు? ఫోనమ్మ తడుముకోకుండా, కాశన్న అంది. దుర్గ ఇంకోసారి అడిగింది, అదే జవాబు. అంజనమ్మ ఏమేం నేసింది అని అడిగింది.

“అంజనమ్మ, కాశన్న గారి భార్య. ఆమె నేసిన చీరలు లేవు.”

ఎవరు రాశారు ఈ మాట? తనే రాసింది. సొసైటీ సభ్యత్వాలన్నీ మగవాళ్ళ పేరు మీద ఉన్నాయి. నూలు తీసుకున్నది ఆయన, చీర ఇచ్చింది ఆయన. వల అల్లేటప్పుడు చీర నుంచి సభ్యుడికి దారం కట్టి, దానికి ‘నేసినవారు’ అని పేరు పెట్టేసింది. అంతకంటే ఆలోచించలేదు. బయటివాళ్ళు ఎవరైనా అయితే అడిగి ఉండేవాళ్ళు, నేసేది ఎవరండీ అని. మగ్గం ఇంట్లో పుట్టింది కాబట్టి అడగలేదు. చీర తెచ్చినవాడే నేతగాడు అనడం ఆ ఊళ్ళో అందరి నోటా ఉన్న మాట, అందులో అబద్ధం ఉందని ఎవరికీ తోచదు. వాళ్ళమ్మ నేసిన చీరలతోనే ఫీజులు కట్టి చదువుకున్న పిల్ల, అదే అబద్ధాన్ని మిషన్ చేత చెప్పించింది. ఎవరైనా పలకరిస్తే దుర్గకు ఏడుపొచ్చేలా ఉంది.

భూపేష్‌కు చెబితే, దానికేముంది, ఆ ఒక్క దారం మార్చేయ్, కాశన్న బదులు అంజనమ్మ అను, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. చేతిలో పనే, రెండు నిమిషాలు కూడా పట్టదు. దుర్గ కాసేపు నిజంగానే వేళ్ళు మీటల మీద పెట్టుకుని కూర్చుంది. కానీ ఆ ఊళ్ళో అంజనమ్మ ఒక్కతేనా? మిగతా ఇళ్ళలో ఎవరు నేస్తున్నారో దానికి తెలుసా? వాళ్ళమ్మకు ఒక్కదానికి మార్చి ఉద్యోగం ఇప్పిస్తే రేపు ఊళ్ళో ఏమంటారు? కూతురి మిషన్, తల్లికి ఉద్యోగం. ఆ మాట పడాల్సింది వాళ్ళమ్మే.

చివరికి ఒక్క దారం కాదు, అన్ని దారాల పేర్లూ మార్చింది. ‘నేసినవారు’ అన్నచోటల్లా ‘తెచ్చి ఇచ్చినవారు’ అని పెట్టింది. నేసినవారు అనే చోటు ఖాళీగా వదిలింది. ఖాళీ అయినా ఫోనమ్మ ఊరుకోలేదు, అడగ్గానే మళ్ళీ కాశన్న అనే అంది, అంతే ధీమాగా. వేల ప్రశ్నల్లో ‘ఎవరు నేశారు’ అన్న తర్వాత మగవాడి పేరే వినీ వినీ దానికి అదే అలవాటైపోయింది, దారం లేకపోయినా పక్క దారం పట్టుకుని ఊహించేస్తోంది. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసినవాళ్ళను అడగడం దానికి నేర్పేసరికి దుర్గ తల ప్రాణం తోకకొచ్చింది. జనం ముందు మిషన్ తెలియదంటే మన కాంట్రాక్టు గోవిందా అని భూపేష్ మొత్తుకున్నాడు. దుర్గ వినలేదు.

సభకు ముందురోజు సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు అంతా చెప్పింది. అంజనమ్మ బియ్యం ఏరుతూ వింది. అరుస్తుందనుకుంటే అరవలేదు.

“నీకు గూడా నేను కనపడలేదా పాపా” అంది, అంతే.

దుర్గకు ఆ మాట చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఏడ్చేసింది. ఏడుస్తూనే, రేపు ఫోనమ్మ అడుగుతుందమ్మా, నువ్వే లేచి చెప్పు, నేసింది నేనని చెప్పు అని బతిమిలాడింది. అంజనమ్మ చేట కింద పెట్టి తల అడ్డంగా ఊపింది. అంతమందిలో నేను లేచి ఆ చీరలు నావంటే ఆయప్ప తల యాడ పెట్టుకుంటాడు, మాస్టరని పిలిపించుకునే మనిషి, నాకు ఆ పని రాకపోయినా సరే, ఆ మాట మాత్రం నా నోట రాదు అంది. దుర్గ ఎంత చెప్పినా అదే మాట. కాశన్న అరుగు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. విన్నాడో లేదో వీళ్ళిద్దరూ పట్టించుకోలేదు.

మరునాడు సొసైటీ హాలు నిండిపోయింది. నేల మీది బేతంచెర్ల బండలు పొద్దున్నే కడిగి ఉంచారేమో చల్లగా ఉన్నాయి, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కింద కూర్చున్నారు. ఫోనును మైకుకు తగిలించారు. దుర్గ లాప్‌టాప్ పట్టుకుని ఒక మూల నిలబడింది, భూపేష్ ఆమె వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు, అవసరమైతే బయటపడటానికి వీలుగా. గోపన్న ఉపన్యాసం దంచి, ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా విడదీసి అడిగాడు, ఈ ఊర్లో కోటకొమ్మ అంచు చీరలు అందరికన్నా ఎక్కువ నేసిందెవురు అని.

“ఎవరు నేశారో నాకు తెలియదు” అంది ఫోనమ్మ. “అందరికంటే ఎక్కువ తెచ్చి ఇచ్చింది కాశన్న గారు. నేసింది ఎవరో తెలిసినవారు చెబితే నేర్చుకుంటాను.”

హాలంతా గుసగుసలు. ఇదేం మిషనప్పా, మననే అడుగుతాండాది అన్నాడొకడు. మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళ పక్క మాత్రం ఒక్క నవ్వూ లేదు. అందరూ నేల చూపులే. గోపన్నకు చిరాకేసింది. ఇంత జనాన్ని పిలిచి ఈ జవాబా అని దుర్గ వైపు ఒక చూపు చూసి, తనే తేల్చేశాడు. తెచ్చినోడే నేసినోడు, దీంట్లో అడిగేదేముంది, మన కాశన్న మాస్టరే టీచరు, చప్పట్లు కొట్టండి అన్నాడు. కొట్టారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కాశన్న వీపు తట్టారు.

దుర్గ వాళ్ళమ్మ వైపు చూసింది. అంజనమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని, అందరితో పాటు తనూ చప్పట్లు కొడుతోంది. ఆ చప్పట్లు చూడలేక దుర్గ తల తిప్పుకుంది. ఇప్పుడేం జరుగుతుందో ఆమెకు తెలుసు. మగ్గం ముందు కూర్చోలేని మనిషి నాలుగు రోజులు ఏదో ఒక సాకు చెబుతాడు, తర్వాత ఆ ఉద్యోగం ఇంకెవరో మగాయన చేతికి పోతుంది. వాళ్ళమ్మ మళ్ళీ గుంటలోకి.

కాశన్న లేచాడు. కృతజ్ఞతలు చెప్పడానికేమో అనుకుని గోపన్న దండ తెప్పించబోయాడు. కాశన్న వద్దన్నాడు. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, ఆ ఫోను ఈడికియ్యి గోపన్నా అన్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫోను గడగడా వణికింది, మైకులోంచి ఆ వణుకు చప్పుడు హాలంతా వినిపించింది. అంతమందికీ ఆ చేతులు కనపడటం అదే మొదలు.

“అంజనమ్మ” అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడి పేరు అనరు సరే, మొగుళ్ళు మాత్రం అంటారా? కాశన్న పెళ్ళైన నాటి నుంచి ‘ఏమ్మే’ అనే పిలిచాడు. కూతురు పుట్టాక ‘పాప వాళ్ళమ్మా’ అన్నాడు. ఆ నోట ఆ పేరు దుర్గ కూడా వినలేదు. హాలులో తలలన్నీ ఆడవాళ్ళ పక్కకు తిరిగాయి. ఫోనమ్మకు మాత్రం ఇవేవీ పట్టవు కదా, దాని పని అది చేసింది.

“చౌడంపల్లెలో అంజనమ్మ అనే పేరు గలవారు ఒకరి కంటే ఎక్కువ మంది ఉన్నారు. ఏ అంజనమ్మ?”

కాశన్న ఫోనును నోటికి ఇంకాస్త దగ్గరగా తెచ్చుకున్నాడు.

“నా పెండ్లాం అంజనమ్మ. నా చేతులు పోయినప్పటి నుంచి నా పేరు మీద వచ్చిన చీరలన్నీ ఆయమ్మే నేసింది. అంతకుముందు వాటిల్లో గూడా సగం ఆయమ్మవే. నేర్చుకో.”

నేర్చుకున్నాను అంది ఫోనమ్మ. కాశన్న ఫోను గోపన్న చేతిలో పెట్టి వెళ్ళి తన చోట కూర్చున్నాడు. దుర్గ లాప్‌టాప్‌లో ఖాళీగా ఉన్న చోట్లు ఒకదాని తర్వాత ఒకటి నిండుతున్నాయి, వాళ్ళమ్మ పేరుతో. ఆమెకు అక్షరాలు సరిగా కనపడలేదు.

గోపన్న మళ్ళీ మొదటి ప్రశ్నే అడిగాడు. నాకు తెలిసినంతవరకు అంజనమ్మ గారు, కానీ మిగతా చీరలు ఎవరు నేశారో నాకింకా తెలియదు అంది ఫోనమ్మ. అప్పుడు మొదలైంది అసలు రభస. ఆడవాళ్ళ పక్క నుంచి మగవాళ్ళ పక్కకు చూపులు పోయాయి. ఆ చూపులు ఎలాంటివో పెళ్ళైనవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒకాయన లేచాడు, తల గోక్కుంటూ ఫోను దగ్గరికెళ్ళి పెళ్ళాం పేరు గొణిగాడు. గట్టిగా చెప్పండి అంది ఫోనమ్మ. ఆయన వెనక ఇంకొకాయన, ఆయన వెనక మరొకాయన. నేసింది నేనే అని నిజాయితీగా చెప్పినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ భార్యలు అవునని తలూపారు. ఒకాయన మాత్రం భార్య పేరు గుర్తురాక వెనక్కి తిరిగి ఆమెనే అడిగాడు. ఆయనకు ఆ పూట ఇంట్లో అన్నం పుట్టి ఉండదు. మధ్యాహ్నం దాటాక వరస అయిపోయింది. గోపన్న నీళ్ళు తాగి చివరిసారి అడిగాడు. ఈసారి ఫోనమ్మ తెలియదనలేదు, నాకు తెలిసినంతవరకు అనీ అనలేదు. అంజనమ్మ గారు అంది.

గోపన్న ఆడవాళ్ళ వైపు తిరిగి, ఏమంటావమ్మా అంజనమ్మా, నేర్పిస్తావా అని అడిగాడు. ఇలాంటప్పుడు ఎవరైనా మొగుడి వైపు చూస్తారు. అంజనమ్మ మోకాలు పట్టుకుని లేచి గోపన్న వైపే చూసింది.

“నేర్పిస్తా. కాకపోతే పగలు నేను ఇంట్లో ఉండను, సంగటి ఆయప్పే కెలుక్కోవల్ల.”

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కెలుక్కుంటాలే అన్నాడు కాశన్న, వణికే చేతులు ఈసారి ఒళ్ళో పెట్టుకుని. ఇంక అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. భూపేష్ తలుపు దగ్గర నుంచి లోపలికొచ్చి, నేను ముందే చెప్పినా గదా అయిపోతాదని అంటూ ఎవరెవరికో చేతులు కలుపుతున్నాడు. దుర్గ లాప్‌టాప్ మూసి, బండల మీద జనం మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూలబడింది. ఉద్యోగం వచ్చింది కదమ్మా అంటే అంజనమ్మ వినిపించుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతురి చెవిలో వంగింది.

“ఇంతమందిలో పేరు పెట్టి పిలిచినాడు చూడు, సిగ్గు లేని మనిషి” అంది. అంటూ దుర్గ చెయ్యి పట్టుకుని, సభ అయిపోయి అందరూ లేచిపోయేదాకా వదల్లేదు.